దుంపల పొడితో ఫ్యాటీ లివర్ తగ్గుతుందా? నాన్న కోసం కొనమంటున్నారు

గోదారి_గట్టు
నాన్నకి 61 ఏళ్లు. పోయిన నెల కడుపు స్కానింగ్ తీస్తే గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఎస్‌జీపీటీ 78. షుగర్ పదేళ్లుగా ఉంది, బరువు 84 కిలోలు. మందు, సిగరెట్ అలవాటు లేదు. డాక్టరు గారు షుగర్ మాత్రలు మార్చి, బరువు తగ్గమన్నారు. లివర్‌కని విడిగా మాత్ర ఏమీ రాయలేదు. ఇంట్లో అందరికీ అదే టెన్షన్, ఇంత జబ్బుకి మాత్రే లేదా అని.

ఈలోగా మా బావగారు ఒక డబ్బా తెచ్చారు. దుంపల నుంచి తీసిన పాలీశాకరైడ్ పొడి అట. ముల్లంగి, బీట్‌రూట్, పెరూ దేశం నుంచి వచ్చే మకా అనే దుంప. 300 గ్రాములు 2,400 రూపాయలు, రోజుకి 10 గ్రాముల చొప్పున నెలకి ఒక డబ్బా. మూడు నెలలు వాడితే లివర్ మామూలైపోతుందని ఆయన నమ్మకం. గొలుసు పద్ధతిలో ఆయనే అమ్ముతున్నారు, కాబట్టి కాదంటే అక్కకి కూడా మనసు కష్టపడుతుంది. ఆయన పంపిన ఫైళ్లు తెరిచి చూశాను, నిజంగానే పరిశోధనా పత్రాలు. అందుకే అబద్ధమని కొట్టిపారేయలేకపోతున్నాను.

ఇంకోపక్క అమ్మ రోజూ పరగడుపున ముల్లంగి రసం వడకట్టి గ్లాసుడు ఇస్తోంది. దుంపల్లో లివర్‌ని కాపాడే గుణం నిజంగా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కడప_కారం
కొనొద్దు. 7,200 రూపాయలతో మూడు నెలలు మంచి కూరగాయలు తినొచ్చు.

నైట్‌షిఫ్ట్_నాని
నాకూ గ్రేడ్ 1 ఉంది, వయసు 33. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద చేసిన పరిశోధన 2025లో వచ్చింది కదా, 345 మందిని చూస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉందన్నారు. అది చదివాక మా టీమ్‌లో సగం మంది ఏదో ఒక పొడి కలుపుకుని తాగుతున్నారు. ఈ చర్చ వదలకండి, నాకూ తెలుసుకోవాలనుంది.

సిద్దిపేట_శ్రీను
నేను ఇలాంటి పొడే నాలుగు నెలలు వాడిన. ఎస్‌జీపీటీ 110 నుంచి 45కి వచ్చింది. రిపోర్టులు రెండూ నా దగ్గరున్నాయి. వాడనోళ్లు వద్దనుడు సులువే, నాకైతే పని చేసింది.

ల్యాబ్‌కోటు
ఆ పత్రాలు నిజమైనవే. డబ్బా మీద మాటే నిజం కాదు. రెండూ ఒకేసారి ఎలా సాధ్యమో చెప్తాను, ఎందుకంటే ఎమ్మెస్సీలో ఆరు నెలలు నేను చేసింది సరిగ్గా ఇదే పని, అదీ ముల్లంగితోనే.

ముల్లంగిని చక్రాలుగా తరిగి ఆరబెట్టి పొడి కొడతాం. కిలో ముల్లంగి ఎండితే యాభై అరవై గ్రాములు మిగులుతుంది, మిగతాదంతా నీళ్లే. ఆ పొడిని ముందు ఆల్కహాల్‌తో కడిగితే రంగూ చిన్న చక్కెరలూ పోతాయి. తర్వాత వేడినీళ్లలో రెండు మూడు గంటలు ఉంచి, గుడ్డలో వడకట్టి, ఆ నీళ్లని చిక్కబరిచి, దానికి నాలుగింతలు ఆల్కహాల్ పోస్తాం. ఆ పోసే క్షణం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. తేటగా ఉన్న నీళ్లలో ఎక్కడినుంచో తెల్లటి పోగులు పుట్టుకొస్తాయి, తడిసిన దూదిని మెల్లగా విప్పుతున్నట్టు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే అడుక్కి దిగుతాయి. అదే మీ డబ్బా మీద రాసిన పాలీశాకరైడ్. కిలో ముల్లంగికి నాకు మూడు గ్రాముల లోపే వచ్చింది. కారిడార్ అంతా ముల్లంగి వాసనే, పక్క ల్యాబ్ వాళ్లు తలుపులు వేసుకునేవాళ్లు.

దాన్ని ఎలుకలకి రెండు వారాలు తాగించాం. ఆఖరి రోజు కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విషం ఎక్కించాం. లివర్‌లోని ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొడితే పుట్టే ముక్క, కణాల పొరల్లో ఉన్న కొవ్వుని పాడుచేసుకుంటూ పోతుంది. మర్నాటికల్లా ఎస్‌జీపీటీ వందల్లోకి ఎగబాకుతుంది. మా పొడి తాగిన ఎలుకల్లో అంతగా ఎగబాకలేదు. ఫలితం నిజం, లెక్కలు నిజం. క్యారెట్ నుంచి మకా దాకా దుంపల మీద వచ్చిన పత్రాల్లో చాలావాటి నడక ఇదే.

కానీ చూడండి, మందు ముందు, విషం తర్వాత. మీ నాన్నగారికి విషం ఎవరూ ఎక్కించలేదు. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని ఒంట్లో ఏళ్ల తరబడి కొవ్వు చేరింది. నిప్పురవ్వ పడబోతోందని గడ్డివాము మీద తడిగోనె కప్పడం వేరు, పాతికేళ్లుగా చెమ్మ పట్టిన గోడని ఆరబెట్టడం వేరు. ఎలుకలో మొదటిది చూశాం, మనిషికి కావలసింది రెండోది.

ఇంకొకటి. పాలీశాకరైడ్ అనేది ఒక మందు పేరు కాదు. చక్కెర అణువులు గొలుసుగా అల్లుకుంటే అది పాలీశాకరైడ్. బియ్యంలో పిండీ అదే, పత్తిలో పోగూ అదే. ఏ చక్కెర, ఏ అల్లిక అన్నదాన్ని బట్టే గుణం.

కడప_కారం
@గోదారి_గట్టు డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏం రాశారో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి.

గోదారి_గట్టు
రాస్తున్నాను. మాల్టోడెక్స్‌ట్రిన్, బీట్‌రూట్ పొడి, ముల్లంగి వేరు సారం 5 శాతం, మకా పొడి, నిమ్మ ఫ్లేవర్. కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్ ఉంది.

ల్యాబ్‌కోటు
మన దేశంలో లేబుల్ మీద ఏది బరువులో ఎక్కువో అదే ముందు రాయాలి. మాల్టోడెక్స్‌ట్రిన్ మొదట ఉందంటే డబ్బాలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది అదే. అది పిండిని చిన్న ముక్కలుగా విరిచి చేసే పొడి. పేరుకి అదీ పాలీశాకరైడే, కానీ ఒంట్లోకి వెళ్లాక చక్కెరని దాదాపు గ్లూకోజ్ అంత వేగంగానే పెంచుతుంది. షుగర్ ఉన్న మనిషికి, లివర్‌లో కొవ్వు ఉన్న మనిషికి, అది ఎక్కువగా ఉన్న పొడిని రోజుకి 10 గ్రాములు కొని మరీ పోస్తున్నారు. నాకు నిజంగా బాధగా ఉంది.

పోనీ ముల్లంగి సారం లెక్క వేద్దాం. 10 గ్రాముల్లో 5 శాతం అంటే అర గ్రాము. ఎలుకలకి కిలో బరువుకి 200 మిల్లీగ్రాములు ఇవ్వడం మామూలు. చిట్టెలుక మోతాదుని మనిషికి మార్చేటప్పుడు సుమారు 12తో భాగిస్తారు. 84 కిలోల మనిషికి అది దాదాపు 1.4 గ్రాములు అవుతుంది. ఎలుకల లెక్కనే ఒప్పుకున్నా డబ్బాలో సగం కూడా లేదు. అదే 1.4 గ్రాములు అరకిలో ముల్లంగిలో దొరుకుతుంది. ఇది కేవలం కొలత లెక్క, అరకిలో తింటే జబ్బు నయమవుతుందని నేను అనడం లేదు.

నైట్‌షిఫ్ట్_నాని
ఆ లైసెన్స్ నంబర్ ఉంటే ప్రభుత్వం పరీక్షించి ఒప్పుకున్నట్టు కాదా? నేను ఇన్నాళ్లూ అలాగే అనుకున్నాను.

కడప_కారం
కాదు నానీ. అది ఆహారం తయారు చేసి అమ్ముకోవడానికి ఇచ్చే 14 అంకెల నంబర్. మా ఊరి మిక్చర్ ప్యాకెట్ మీద కూడా ఉంటుంది. జబ్బు తగ్గిస్తుందన్న రుజువుకీ దానికీ సంబంధం లేదు.

సీత_వంటిల్లు
అమ్మగారికి నా మాటగా ఒకటి చెప్పండి బాబూ. ముల్లంగి రసం వడకట్టి పిప్పి పారేస్తున్నారు కదా, అసలు సరుకులో చాలా భాగం ఆ పిప్పిలోనే పోతోంది. ముల్లంగి, ఆకుతో సహా, పెసరపప్పులో వేసి వండితే పోయేది ఏమీ లేదు. ఆకు ముదురుగా ఉంటే కాడ తీసేయాలి, లేకపోతే నాలుక మీద గరగరలాడుతుంది. దించేముందు ఇంగువ పోపు. పెద్దాయన కాదనరు.

ఎండీ_మెడిసిన్
సీత గారు చెప్పింది వైద్యపరంగా కూడా సరైన మాటే. అసలు విషయం లివర్‌లో కాదు, పేగులో మొదలవుతుంది.

దుంపల్లో ఉండే పెక్టిన్ లాంటి గొలుసుల్ని విరిచే ఎంజైమ్‌లు మన ఒంట్లో లేవు. అవి చెక్కుచెదరకుండా పెద్దపేగు దాకా వెళతాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలు చేస్తుంది. పేగు గోడ కణాలకి బ్యూటిరేటే ప్రధానమైన మేత. గోడ గట్టిగా ఉంటే బ్యాక్టీరియా తాలూకు విషపు ముక్కలు రక్తంలోకి జారవు. ఇది లివర్‌కి ఎందుకు ముఖ్యమంటే, పేగుల నుంచి బయల్దేరిన రక్తం ముందుగా చేరేది అక్కడికే. లివర్‌కి అందే రక్తంలో దాదాపు ముప్పావు వంతు ఆ దారినే వస్తుంది. పేగులో ఏం ఉడికితే లివర్ అది తింటుందన్నమాట.

@గోదారి_గట్టు మీ నాన్నగారి ఎస్‌జీఓటీ (ఎస్‌జీపీటీ లాంటిదే ఇంకో ఎంజైమ్), ప్లేట్‌లెట్లు ఎంతో చెప్పండి. గ్రేడ్ 2 అన్న మాట కంటే లివర్ గట్టిపడుతోందా లేదా అన్నదే ముఖ్యం.

గోదారి_గట్టు
ఎస్‌జీఓటీ 52, ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు మేడమ్.

ఎండీ_మెడిసిన్
వయసు, ఈ రెండు ఎంజైమ్‌లు, ప్లేట్‌లెట్లు కలిపి వేసే ఎఫ్‌ఐబీ-4 అనే లెక్క ఉంది. మీ నాన్నగారికి 1.5 వస్తోంది. 1.3 లోపు ఉంటే గట్టిపడటం గురించి పెద్దగా దిగులు అక్కర్లేదు, 2.67 దాటితే జాగ్రత్తపడాలి. మధ్యలో ఉన్నారు కాబట్టి, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ ఒకసారి చేయించండి. నొప్పి ఉండదు, పదిహేను నిమిషాల పని. మీ డాక్టరు గారికి ఈ అంకె చూపించి అడగండి.

మాత్ర రాయలేదని దిగులుపడకండి, ఆయన రాసింది అసలు మందే. బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. 84 కిలోల మీద మొదటి మెట్టు 4 కిలోలు, రెండో మెట్టు 6 నుంచి 8. అమెరికాలో ఈ జబ్బుకి మొదటి మందు, రెస్మెటిరోమ్, 2024లో అనుమతి పొందింది. అది కూడా లివర్ ఒక మేరకు గట్టిపడిన వాళ్లకే, ఆహారం వ్యాయామంతో కలిపే.

సిద్దిపేట_శ్రీను
అంతా బాగనే చెప్తున్నరు. మరి నాకు 110 నుంచి 45 ఎట్ల వచ్చింది? నా రిపోర్టు అబద్ధమా?

ల్యాబ్‌కోటు
మీ రిపోర్టు మీద నాకు ఏ అనుమానమూ లేదు శ్రీను గారూ. ఆ నాలుగు నెలల్లో పొడి కాకుండా ఇంకేమైనా మారిందా? తిండి, నడక, ఇంకేదైనా అలవాటు?

సిద్దిపేట_శ్రీను
డాక్టర్ గట్టిగ చెప్పిండని తాగుడు మానేసిన. అంతకుముందు వారానికి నాలుగైదు రోజులు తాగేది. పొడి డబ్బా మీద కూడా మద్యం ముట్టొద్దని రాసి ఉండె.

ఎండీ_మెడిసిన్
శ్రీను గారూ, మీరు చేసింది చాలా పెద్ద పని. మద్యం మానేస్తే ఈ ఎంజైమ్‌లు కొన్ని వారాల్లోనే దిగడం మొదలవుతుంది. ఆ పేరు పొడికి ఇవ్వకండి, మీకు మీరే ఇచ్చుకోండి. పొడి ఆగిపోయిందని రేపు మళ్లీ గ్లాసు పట్టుకోకూడదు కదా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

సిద్దిపేట_శ్రీను
సరే మేడమ్. ఇంట్లో మా ఆమె కూడా ఇదే మాటంది.

పేపరు_పురుగు
ల్యాబ్‌కోటు గారితో ఒక చోట విభేదిస్తాను. మీ మాట వింటే మనుషుల్లో రుజువే లేదన్నట్టు ఉంది. 2023లో సెల్ మెటబాలిజం పత్రికలో చైనా వాళ్ల ప్రయోగం వచ్చింది. ఫ్యాటీ లివర్ ఉన్న 200 మందికి నాలుగు నెలల పాటు రోజుకి 40 గ్రాముల రెసిస్టెంట్ స్టార్చ్, అంటే చిన్నపేగులో అరగని పిండి, ఇచ్చారు. అరిగే పిండి తిన్నవాళ్లతో పోలిస్తే లివర్‌లో కొవ్వు దాదాపు 9 శాతం పాయింట్లు తగ్గింది. బరువు తగ్గడం వల్ల వచ్చిన తేడా తీసేసినా 6 దాకా మిగిలింది. పేగు బ్యాక్టీరియాలో మార్పు కూడా చూపించారు. పాలీశాకరైడ్ అనగానే మోసం అని ముద్ర వేయకూడదు.

ల్యాబ్‌కోటు
మంచి పత్రం, ఒప్పుకుంటున్నాను. నేను చెప్పాల్సింది చెప్పకుండా వదిలేశాను. రెండు విషయాలు మాత్రం కలుపుతాను. అది మొక్కజొన్న పిండి, దుంప కాదు. మోతాదు 40 గ్రాములు, మన డబ్బాలో సారం అర గ్రాము.

అలాగని నార పదార్థం విడిగా తీసి ఎంతైనా మింగొచ్చు అనుకోకూడదు. 2018లో అమెరికాలోని టోలిడో విశ్వవిద్యాలయం వాళ్లు సెల్ పత్రికలో ప్రచురించిన పని ఉంది. పేగు బ్యాక్టీరియా అదుపు తప్పిన ఒక రకం ఎలుకలకి శుద్ధి చేసిన ఇనులిన్ కలిపిన మేత పెడితే, కొన్నిటికి కామెర్లు వచ్చి తర్వాత లివర్ క్యాన్సర్ దాకా వెళ్లింది. ఇనులిన్ అంటే చికోరీ వేరులో ఉండే పాలీశాకరైడే, మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలుపుతారే ఆ చికోరీ. అవి ప్రత్యేకమైన ఎలుకలు, కాబట్టి కాఫీ తాగేవాళ్లు భయపడక్కర్లేదు. దుంపలో ఉన్నప్పుడు ఒకలా, సీసాలో పొడిగా ఉన్నప్పుడు ఇంకోలా ఉండొచ్చని నేను నేర్చుకున్న పాఠం అది.

నైట్‌షిఫ్ట్_నాని
అన్నం చల్లారితే రెసిస్టెంట్ స్టార్చ్ అవుతుందంటారు కదా. రోజూ చద్దన్నం తింటే ఆ 40 గ్రాములు వచ్చేస్తాయా?

పేపరు_పురుగు
రావు. చల్లారితే కొంత పిండి గట్టిపడి అరగని రూపంలోకి వెళ్లేది నిజమే, కానీ వంద గ్రాముల చద్దన్నంలో అది ఒకటి రెండు గ్రాములు. 40 కోసం తింటూ పోతే మిగతా పిండంతా లివర్‌లోనే కొవ్వై కూర్చుంటుంది. బంగాళదుంప ఉడికించి చల్లార్చినా ఇదే కథ. మజ్జిగ పోసి ఉల్లిపాయతో కొంచెం తినండి, రుచికి తినండి.

పాలమూరు_పిల్ల
సీత గారూ, షుగర్ ఉన్నవాళ్లు కంద తినొచ్చా? మా నానమ్మకి చాలా ఇష్టం, కానీ అంత తీపి కదా.

సీత_వంటిల్లు
కంద తీపి ఉండదమ్మా, ఒట్టిగా నాలుక మీద పెడితే దురద పెడుతుంది.

పాలమూరు_పిల్ల
ఓహో, మా దిక్కు కందగడ్డ అంటే శివరాత్రికి ఉడకబెట్టుకునే ఎర్రటి తీపి గడ్డ. మీరు వేరేది చెప్తున్నారా?

సీత_వంటిల్లు
అది మాకు చిలగడదుంప. నేను చెప్పేది ఏనుగు పాదంలా ఉండే పెద్ద దుంప, పైన గరుకుగా మట్టి రంగులో ఉంటుంది, కందా బచ్చలి కూర చేసేది.

కడప_కారం
మాకు ఆ తీపిది గెనుసుగడ్డ. బంగాళదుంప అంటే ఉర్లగడ్డ. పేరు చెప్పేటప్పుడు రంగు, రుచి కూడా చెప్తే ఎవరూ పొరపాటు పడరు.

సీత_వంటిల్లు
సరే, కంద వండే పద్ధతి చెప్తాను, చాలామంది దురదకి భయపడి మానేస్తున్నారు. అందులో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, దురద వాటివల్లే. చేతికి నూనె రాసుకుని, దుంప తడి లేకుండా తుడిచి తరగాలి. తొక్క మందంగా తీయాలి, ముక్కల్ని రెండు మూడు నీళ్లలో కడగాలి. ఉడికేటప్పుడే చింతపండు పులుసు పడాలి. ముక్కని వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా నలగాలి, పలుకు ఉందంటే గొంతులో గరగర తప్పదు. బచ్చలి ఆకు వేసి మెదిపి, పోపు పెట్టి, పూర్తిగా దించాక ఆవ కలపాలి. వేడి మీద కలిపితే ఆవ చేదెక్కుతుంది. మా ఇంట్లో ఈ కూర చేసిన రోజు అన్నం సగమే వండుతాను. దుంపకూర అన్నానికి తోడు కాదు, అన్నంలో కొంత తీసేసి ఆ చోట పెట్టాల్సింది.

ఎండీ_మెడిసిన్
ఆ ఆఖరి వాక్యాన్ని నేను నా పేషెంట్లకి రోజూ చెప్పాలనుకుంటాను, ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. కందలో, చేమలో, చిలగడదుంపలో ఎక్కువ భాగం మామూలు పిండే. అన్నం అంతే తిని వీటిని అదనంగా తింటే బరువు పెరుగుతుంది. ముల్లంగి, క్యారెట్‌లలో పిండి తక్కువ, వాటిని ధారాళంగా తినొచ్చు.

పేపరు_పురుగు
మన కందకి దగ్గరి చుట్టం కొంజాక్ అని జపాన్ వాళ్లు తింటారు, అదీ అదే ప్రజాతి. అందులో గ్లూకోమన్నన్ అనే పాలీశాకరైడ్ ఎక్కువ. చెడు కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని మనుషుల్లోనే చూశారు. నీళ్లు తగిలితే విపరీతంగా ఉబ్బుతుంది, కాబట్టి పొడి రూపంలో తక్కువ నీళ్లతో మింగితే గొంతుకి అడ్డం పడుతుంది. దాని పేరుతో మన కంద పొడిని ఎవరైనా అమ్మితే నమ్మకండి, మన కందలో ముఖ్యంగా ఉండేది పిండి.

తాతగారి_తోట
ఈ చర్చ చదువుతుంటే మా తాతయ్య తిప్పసత్తు తీయడం గుర్తొచ్చింది. అది వేరు కాదు, తీగ. కానీ పద్ధతి ల్యాబ్‌కోటు గారు చెప్పినదానికి చాలా దగ్గర. వేలు లావు తిప్పతీగ కాండాలు తెచ్చి, పైపొర గీకి, రోట్లో నలగ్గొట్టి, రాత్రంతా వెడల్పాటి మట్టి బేసిన్‌లో నానబెట్టేవారు. తెల్లవారి చేతులతో బాగా పిసికి, పంచెగుడ్డలో వడకట్టి కదపకుండా ఉంచేవారు. మధ్యాహ్నానికి పైన ఆకుపచ్చని నీళ్లు, అడుగున తెల్లటి పొర. నీళ్లు వంచేసి ఆ పొరని ఎండబెడితే గోరుతో గీకేంత పొడి. గంపెడు తీగకి గుప్పెడు కూడా వచ్చేది కాదు. కామెర్లు వచ్చినవాళ్లకి చిటికెడు ఇచ్చేవారు, చాలామందికి తగ్గేది కూడా. తగ్గింది దానివల్లేనా మేడమ్?

ఎండీ_మెడిసిన్
ఎంత చక్కగా చెప్పారు. ఆ తెల్లటి పొర ముఖ్యంగా పిండి, ఇదీ పాలీశాకరైడే. ఇక జవాబు. పల్లెల్లో కామెర్లలో చాలావరకు కలుషితమైన నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. విశ్రాంతి తీసుకుంటే అవి ఎక్కువ మందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ముల్లంగి రసానికీ పసరుకీ మంచి పేరు రావడానికి కారణం అదే. తాతగారు చిటికెడుతో ఎవరికీ హాని చేయలేదు, ధైర్యం చెప్పారు. గర్భిణులకి మాత్రం హెపటైటిస్ ఇ ప్రాణం మీదికి తెస్తుంది, పచ్చకామెర్లు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కోవిడ్ సమయంలో తిప్పతీగ కషాయాలు నెలల తరబడి తాగినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులని ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో విభేదించింది. లివర్ జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్లకి నేనైతే వద్దనే చెప్తాను.

డల్లాస్_డైరీ
మా ఆఫీసులో ఒకాయన కీళ్లనొప్పులకి పసుపు క్యాప్సూల్స్ వాడారు, మిరియాల సారం కలిపినవి. మూడు నెలలకి కళ్లు పచ్చబడ్డాయి, ఎంజైమ్‌లు వెయ్యి దాటాయి. ఆపేశాక నెమ్మదిగా కోలుకున్నారు. ఇలాంటి కేసులని ఇక్కడి పరిశోధకులు కూడా ప్రచురించారు. కూరలో వేసే పసుపుతో ఎవరికీ ఏమీ కాదు, ఇబ్బంది ఎక్కువ మోతాదు క్యాప్సూల్స్‌తో, ముఖ్యంగా మిరియాల సారం కలిపి ఒంటికి ఎక్కువగా పట్టేలా చేసినవాటితో. డెన్మార్క్ అయితే 2023లో అశ్వగంధని నిషేధించింది. అశ్వగంధ కూడా ఒక మొక్క వేరు. వేరు అనగానే మెత్తటి మందు అనుకోవద్దు.

కడప_కారం
@గోదారి_గట్టు ఇంతకీ బావగారికి ఏం చెప్పారు? మా అందరికీ అదే ఆలోచన.

గోదారి_గట్టు
నిన్న రాత్రి ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడాను. డబ్బా వెనక రాసిన మొదటి పేరు చూపించి, అది నాన్న షుగర్‌ని ఏం చేస్తుందో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకీ తెలియదు. పైవాళ్లు పంపిన వీడియోలు చూసి నమ్మి, సొంత డబ్బు పెట్టి ఇరవై డబ్బాలు కొన్నారు. వాళ్ల నాన్నగారికి కూడా ఇదే ఇస్తున్నారట, ఆయనకీ షుగర్ ఉంది. ఈ రోజు పొద్దున ఫోన్ చేసి ఆపించేశానని చెప్పారు. అక్క నాతో బాగానే మాట్లాడింది.

సిద్దిపేట_శ్రీను
మీ బావను ఏమీ అనకండి. నేను కూడా నా తమ్ముడికి రెండు డబ్బాలు ఇప్పించిన. ఇప్పుడు లేబుల్ చూస్తే అదే పేరు మొదటున్నది. రేపు వాడితో మాట్లాడత.

గోదారి_గట్టు
నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను. ఫైబ్రోస్కాన్‌లో 6.4 వచ్చింది, గట్టిపడలేదన్నారు. నాన్న బరువు 79. ఎస్‌జీపీటీ 46. పొద్దున్నా సాయంత్రం గోదారి గట్టు మీద నడుస్తున్నారు, రాత్రి అన్నం బాగా తగ్గించారు. అమ్మ రసం మానేసి వారానికి రెండుసార్లు ముల్లంగి పప్పు, ఒకసారి కందా బచ్చలి చేస్తోంది, ఆవ దించాకే కలుపుతోంది. అరటికాయ, క్యారెట్, గోరుచిక్కుడు మిగతా రోజుల్లో. ఏది ఎంత పనిచేసిందో నేను చెప్పలేను, ఐదు కిలోలు తగ్గారు.

నాన్న పక్కనే కూర్చుని ఇదంతా నాతో చదివించుకున్నారు. వచ్చే వారం శివరాత్రి. ఉపవాసం విడిచాక చిలగడదుంప తినొచ్చా, తింటే నిప్పుల మీద కాల్చినదా ఉడికించినదా అని అడుగుతున్నారు.

ఎండీ_మెడిసిన్
చాలా సంతోషంగా ఉంది. నాన్నగారికి చెప్పండి, చిన్న దుంప ఒకటి, ఉడికించినది. నెమ్మదిగా కాలుతున్నప్పుడు దుంపలోని ఎంజైమ్ పిండిని చక్కెరగా మారుస్తుంది, కాల్చినది అంత తియ్యగా ఉండేది అందుకే. షుగర్ కూడా ఎక్కువ పెరుగుతుంది. ఆ పూట అన్నం వద్దు. షుగర్ మాత్రలు వేసుకుని రోజంతా ఖాళీ కడుపుతో ఉండకూడదు, ఉపవాసం సంగతి ముందే మీ డాక్టరు గారిని అడగండి.

పాలమూరు_పిల్ల
తొక్కతోనే ఉడికించండి అంకుల్, కుక్కర్లో రెండు విజిల్స్ చాలు. మా నానమ్మ కూడా ఈసారి ఉడికించిందే తింటానంది.